రోజుకి రెండు రొట్టెలు

ఏమీ లేదని మాత్రం రాకూడదు. పొద్దున్న ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ మనసులో ఇదే మాట తిరుగుతోంది. జబ్బుందని రిపోర్టు రావాలని మొక్కుకునే మనిషిని ఈ వరండాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎదుటి బెంచీ మీద పెద్దాయన కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు, ఆయన అడిగేది దీనికి సరిగ్గా ఎదురై ఉంటుంది. నా టోకెను నలభై ఒకటి. గోడమీద ఎర్రటి అంకె ఇరవై ఆరు దగ్గర ఆగి చాలాసేపయింది. డాక్టరమ్మ వార్డుకి వెళ్ళిందట, గంట పట్టొచ్చని నర్సు చెప్పి వెళ్ళింది. పట్టనీ. పదకొండేళ్ళు పట్టినదానికి ఇంకో గంట. పక్కన మావారు రఘురామ్ నా ఫైలు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళ ఫౌజు నౌకరీ, మిలటరీ మనిషికి నిద్రొచ్చినా నడుం వంగదు. ఇప్పుడు నిద్రే పోతున్నారు. రాత్రంతా నేను లేచినప్పుడల్లా ఆయనా లేచారు మరి. ఫైలుకి కట్టిన తాడు ఊడిపోయి కాగితాలు బయటికొస్తున్నాయి, సర్దాలని ఉంది గానీ చెయ్యి లేపాలంటే బద్ధకం. బద్ధకం కాదు, ఏం పేరు పెట్టాలో నాకు తెలీదు. నీళ్ళు పోసిన గోనెసంచిలా ఉంటుంది ఒళ్ళు. స్నానం చేసొచ్చి జడ వేసుకునేలోపు ఒకసారి మంచం మీద కూర్చోవాలి. నలభై మూడేళ్ళకే. మా అమ్మాయి తేజశ్రీ దువ్వెనలో వచ్చిన నా జుట్టు ఉండచుట్టి చూపించి, "మమ్మా, యే దేఖో" అంటుంది, ఎవరిదో వింత చూపించినట్టు.

వచ్చీ రాగానే చూసుకున్నాను, ఎడమ వైపు వరండా చివర, రెండో తలుపు, గడియ పడుతుంది. అది చూసుకోకుండా నేను ఎక్కడా కూర్చోలేను. ఢిల్లీలో పద్నాలుగేళ్ళుగా ఉన్నావు, ఏం చూశావని అడిగితే ఏం చెప్పను. కరోల్ బాగ్ బజార్లో చీరల కొట్లు ఎన్నున్నాయో చెప్పలేను గానీ ఏ కొట్టువాడిని 'భయ్యా' అని బతిమాలితే వెనక గది తాళం ఇస్తాడో చెప్పగలను. ధౌలా కువాన్ దగ్గర బస్సు ఆగిపోతే ఎటు పరిగెత్తాలో, మెట్రో స్టేషన్లలో ఏది శుభ్రంగా ఉంటుందో, ఆఫీసులో మా అంతస్తులో పైపు పాడైతే కింద ఏ సెక్షన్ వాళ్ళు ముఖం చిట్లించుకోకుండా ఉంటారో, ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఈ విద్య ఉందని ఎవరికీ చెప్పుకోలేను. చెప్పుకోలేకపోవడమే ఈ జబ్బులో సగం. గుండె నొప్పంటే చుట్టూ చేరతారు, జ్వరమంటే నుదుటి మీద చెయ్యి వేస్తారు. విరేచనాలంటే ఒక అడుగు వెనక్కి జరిగి, బయట ఏమైనా తిన్నావా అంటారు.

తిన్నాను. ఏం తిన్నాను. అందరూ తినేదే తిన్నాను. తునిలో పుట్టినదాన్ని, మా ఇంట్లో మూడు పూటలా అన్నమే, పొద్దున్న చద్దన్నం ఆవకాయ. శనివారం ఒక్కపొద్దని మా అమ్మ రవ్వ ఉప్మా చేసేది, అది తిన్న రాత్రి నాకు కడుపు రాయిలా అయిపోయేది. "దీనికి ఉప్మా అంటే వంక" అని నవ్వేవాళ్ళు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక, ఈయన ఫౌజు లంగరులో, అంటే వాళ్ళ మెస్సులో, రొట్టెలకి అలవాటు పడ్డ మనిషి, రాత్రికి రొట్టె ఉండాలి. నేనూ నేర్చుకున్నాను. మొదట్లో దేశపటాల్లా వచ్చేవి, తర్వాత గుండ్రంగా వచ్చాయి, తర్వాత పొంగడం మొదలుపెట్టాయి. రొట్టెలు పొంగడం నేర్చుకున్న ఏడాదే నా పొట్టా పొంగడం మొదలుపెట్టింది. ఇప్పుడనిపిస్తుంది గానీ అప్పుడు ఎవరికి తడుతుంది. క్లర్కు ఉద్యోగం వచ్చింది, తేజ పుట్టింది, ఈయనకి జమ్మూ, ఆ తర్వాత జోధ్‌పూర్ పోస్టింగులు పడ్డాయి, నేను ఉద్యోగం వదల్లేక పిల్లతో ఇక్కడే ఉండిపోయాను. అన్నం వండితే కూర, పప్పు, చారు వండాలి. పిండి కలిపితే ఒక కూరతో పూట గడిచిపోతుంది. మధ్యాహ్నం డబ్బాలో రొట్టె, రాత్రి రొట్టె, సాయంత్రం ఆఫీసులో సమోసా. ఒళ్ళు కరిగిపోతూ పొట్ట మాత్రం ఆరో నెల గర్భిణిలా. బస్సులో ఒకమ్మాయి లేచి సీటిచ్చింది. కూర్చున్నాను. కాదని చెప్పే ఓపిక లేక కూర్చున్నాను.

ఆ ఫైలు నిండా నార్మల్. థైరాయిడ్ నార్మల్, పొట్ట స్కానింగు నార్మల్, మలపరీక్ష నార్మల్. హిమోగ్లోబిన్ ఒక్కటే ఏడున్నర, దానికి ఐరన్ మాత్రలు, అవి ఎన్ని మింగినా ఏడున్నరే. ఆడవాళ్ళకి మామూలే అన్నాడొక డాక్టరు. నార్మల్‌కి అది తెలుగు అనుకున్నాను. గ్యాసన్నారు, అమీబా అన్నారు, పేగుకి చిరాకెక్కువన్నారు. ఒకాయన కాగితం మీద ఏమీ రాయకుండా పెన్ను మూసి, "ఇంట్లో అంతా ఠీక్ హై?" అని అడిగాడు. మొగుడు దూరంగా ఉన్నాడు కదా, టెన్షన్ అని, నిద్రకి మాత్రలిచ్చాడు. అవీ మింగాను. దానికి తోడు ఇంకోటి జరిగేది, ఏటా వేసవి సెలవులకి తుని వెళ్తే నెల తిరిగేసరికి బాగుపడేదాన్ని. పూర్తిగా కాదు గానీ ముఖంలో రక్తం కనబడేది, పరుగులు తగ్గేవి. తిరిగి ఢిల్లీ వచ్చిన రెండు వారాలకి మళ్ళీ మొదలు. ఇంకేం కావాలి ఎవరికైనా. పుట్టింట్లో బాగుంటుంది, కాపురంలో బాగుండదు, అంటే జబ్బెక్కడుంది? మా పిన్ని నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి, "అల్లుడు కొడతాడా అమ్మా?" అని అడిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ నెలంతా నేను అన్నమే తింటున్నానని ఆ గదిలో నాకూ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు.

అంకె ఇరవై ఆరే. ఎవరో పిల్లవాడికి బిస్కెట్లు తినిపిస్తున్నారు, ఆ వాసన. ఈయన ఉలిక్కిపడి లేచి, "పిలిచారా?" అన్నారు. లేదు, పడుకోండి అన్నాను. మళ్ళీ కళ్ళు మూశారు. ఈయనకి నమ్మకం కుదిరింది ఫరీదాబాద్ రోడ్డు మీద. రెండేళ్ళ క్రితం, మళ్ళీ ఢిల్లీ కంటోన్మెంటుకి బదిలీ అయి వచ్చిన కొత్త. ఈయనతో పనిచేసి రిటైరైన చిట్టిబాబు గారు ఫరీదాబాద్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. వాళ్ళావిడ పూరీలు వడ్డించింది. "ఒక్కటి, రేవతి గారూ, ఒక్క పూరీకి ఏమవుతుంది?" రెండు తిన్నాను. కారులో తిరిగొస్తుంటే ఫ్యాక్టరీల మధ్య ఎక్కడో మొదలైంది. ఆపండి అన్నాను. ముందు పెట్రోలు బంకుంటుంది, రెండు నిమిషాలు అన్నారు. ఆపండి అని అరిచాను, అంతకు ముందెప్పుడూ ఆయన మీద అరవలేదు. ఆదివారం, పొడుగాటి గోడ, గోడవార ఆగిన లారీలు. పట్టుచీరతో ఒక లారీ వెనక్కి వెళ్ళాను. ఈయన నా వెనకే వచ్చి, వెనక సీట్లో ఉన్న దుప్పటి తెచ్చి రెండు చేతులతో పరదాలా పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డారు. చేతులు నొప్పెట్టే ఉంటాయి. చాలాసేపు పట్టింది. అయిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. కారెక్కి కొంతదూరం వచ్చాక అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"తొమ్మిదేళ్ళ నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. జమ్మూ నుంచి ఫోన్లో గ్యాసేమో అన్నారు."

ఇంటికొచ్చాక ఆ దుప్పటి ఆయనే ఉతికి ఆరేశారు.

జబ్బు పేరు మొదట చెప్పింది డాక్టర్లు కాదు, మా సెక్షన్‌లో హర్‌ప్రీత్ మేడమ్. పోయినేడు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుంటుంటే నా మొహం, నా గోళ్ళు, నా పొట్ట ఒకసారి చూసి, "రేవతీ, మా అన్న కొడుకు అచ్చం ఇలాగే ఉండేవాడు. గేహూఁ కీ ఎలర్జీ. గోధుమ మానేసి చూడు" అంది. అంత సుళువుగా. ఉప్పు అందుకో అన్నట్టు. మానేశాను. పదిరోజులకి పొట్ట దిగింది. నెలకి పరుగులు ఆగాయి. రెండో నెల ఒకరోజు లిఫ్టు పాడైతే మూడు అంతస్తులు ఎక్కి, పైకొచ్చాక గుర్తొచ్చింది నేను మధ్యలో ఎక్కడా ఆగలేదని. అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. కానీ ఎవరింటికెళ్ళినా మళ్ళీ ఒక్క పూరీకి ఏమవుతుంది, ఒక్క ముక్క కేకుకి ఏమవుతుంది. ఆఫీసులో సన్నబడ్డానికి ఫ్యాషన్‌గా మానేశానని పేరు. తేజ ఒకరోజు విసుక్కుంది, "మమ్మా, ఆప్‌కో కుఛ్ నహీ హై, స్ట్రెస్ హై. ఇంటర్నెట్‌లో చూసి అన్నీ మీకే ఉన్నాయనుకుంటారు." పదమూడేళ్ళ పిల్ల, ప్రతి పుట్టినరోజుకీ అమ్మ మధ్యలో లేచి వెళ్ళిపోవడం చూసి పెరిగిన పిల్ల, దాని తప్పేముంది. నాకే లోపల పురుగు, నిజంగా ఏమీ లేదేమో, అంతా నేనే కల్పించుకున్నానేమో అని. అందుకే ఒక డాక్టర్ని వెళ్ళి అడిగాను, పరీక్ష చెయ్యండని. ఆ డాక్టరు నా పేరు చూసి, ఊరడిగి నవ్వాడు. "సౌత్ వాళ్ళా? మేడమ్, ఇది పంజాబు, హర్యానా జబ్బు. చావల్, అన్నం తినేవాళ్ళకి రాదు." అయినా బతిమాలితే రక్తపరీక్ష రాశాడు. వచ్చింది. నార్మల్. ఆ రోజు మెట్రోలో కిటికీలో నా నీడని చూసుకుంటూ వచ్చాను. నువ్వు అబద్ధాలకోరువి అనుకున్నాను దానితో. మనస్ఫూర్తిగా అనుకున్నాను.

ఈ డాక్టరమ్మ దగ్గరికి ఈయనే లాక్కొచ్చారు. చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండదు. ఫైలంతా తిరగేసి, చివరి కాగితం మీద వేలు పెట్టి, ఎవరూ అడగనిది ఒక్కటే అడిగింది: "ఈ రక్తం ఇచ్చేనాటికి మీరు గోధుమ మానేసి ఎన్నాళ్ళయింది?" ఆరు నెలలు అన్నాను. ఆమె తల పట్టుకుంది. శత్రువు ఊళ్ళో ఉంటేనే ఒంట్లో సైన్యం బయటికొస్తుందనీ, ఆరు నెలలు తినకపోతే రక్తంలో ఏం కనబడుతుందనీ ఈయనకి అర్థమయ్యే భాషలో చెప్పింది. పరీక్ష సరిగ్గా జరగాలంటే మళ్ళీ తినాలి. రోజుకి రెండు రొట్టెలు, తక్కువలో తక్కువ ఆరు వారాలు. తినగలరా అని అడిగింది. తింటానన్నాను.

ఆరు వారాలు. రొట్టెలు ఈయనే చేశారు. నా చేత్తో నేను చేసుకుని తినడం ఆయనకి నచ్చలేదు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి, కంచంలో వేసి ఎదురుగా కూర్చునేవారు. మొదటి రొట్టె ముందు ఎంతసేపు కూర్చున్నానో. మంచి రొట్టె, నెయ్యి రాసింది, ఆకలేసే వాసన. దాన్ని తుంచి నోట్లో పెట్టుకోవడానికి అంత ధైర్యం కావాలని ఎవరికి చెప్తే నమ్ముతారు. మూడోరోజుకే పొట్ట లేచింది. వారానికి నోరంతా పూత, నీళ్ళు తాగినా మంట. రెండో వారం నుంచి పరుగులు, మూడో వారం ఆఫీసుకి సెలవు. మార్చి నెలలో సెలవేంటని పైవాళ్ళు కోపగించుకున్నారు, హర్‌ప్రీత్ మేడమ్ నా పని కూడా చేసిపెట్టింది. నాలుగో వారం ఒక రాత్రి బాత్రూమ్ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోతే ఈయన వచ్చి నా పక్కనే తడినేల మీద కూర్చున్నారు. "చాలు రేవతీ. మానేద్దాం. నాకు రిపోర్టు అక్కర్లేదు, నేను నమ్ముతున్నాను." నేను తల అడ్డంగా ఊపాను. "నాక్కావాలండీ." ఆయనకి కోపమొచ్చింది, లేచి వెళ్ళారు. పొద్దున్న ఆరింటికి వంటింట్లోంచి అప్పడాలకర్ర చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వింటూ మంచం మీద పడుకుని ఏడ్చాను. తేజ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రోజు నుంచి స్ట్రెస్ అన్న మాట దాని నోట రాలేదు.

రక్తంలో కొంచెం ఎక్కువుంది గానీ ఖాయంగా చెప్పలేం, లోపల చూసి పేగు ముక్క తీయాలి అన్నారు. పోయిన గురువారం తీశారు. గొంతులో చేదు మందు కొట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ చట్రం పెట్టి, ఎడమవైపు పడుకోమన్నారు. నల్లటి గొట్టం దిగుతుంటే కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. బాగా చూడండి అనుకున్నాను. దగ్గరగా చూడండి. నేను అబద్ధం చెప్పట్లేదు, లోపలికొచ్చి చూడండి.

"టోకెన్ ఫార్టీ వన్. రేవతీ కుమారి."

ఇరవై ఆరు ఎప్పుడు నలభై ఒకటి అయిందో. ఈయన అప్పటికే లేచి నిలబడి చొక్కా సర్దుకుంటున్నారు. లోపల డాక్టరమ్మ కంప్యూటరు చూస్తోంది, ఆమె కూడా అలిసిపోయి ఉంది, టీ గ్లాసు మీద మీగడ కట్టింది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఆమె తెర మా వైపు తిప్పింది. ఊదారంగు మరకల్లాంటి బొమ్మ.

"చిన్నపేగు లోపల కొత్త తువ్వాలు మీద పోగుల్లా ఉండాలి. తిన్నదాంట్లో సారం పీల్చుకునేవి అవే. మీకు పోగులన్నీ అరిగిపోయాయి, చూడండి, చదునుగా ఉంది. సీలియాక్. ఇంక అనుమానం లేదు."

ఈయన, "పక్కా?" అని అడిగారు. "పక్కా" అంది.

నేను ఏమన్నానో నాకు తెలీలేదు. థాంక్యూ అన్నానట. డాక్టరమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, మేజాబల్ల మీదున్న టిష్యూ డబ్బా ఇటు జరిపింది. ఆ తర్వాత చాలా చెప్పింది, ఈయన చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ జన్మలో వద్దు. ఒక్క ముక్క కూడా. వేరే పెనం, వేరే గరిటె. పొట్లం మీద రాసింది చదవాలి, ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారు. ఇంగువా! పుట్టింట్లో నెలరోజులుండి వచ్చినా పూర్తిగా తగ్గకపోవడం... మా అమ్మ చారు పోపు. రాయండి, రాయండి అన్నాను ఈయనతో. ఆరునెలలకి ఒంట్లో రక్తం పడుతుంది, ఏడాదికి పేగు కోలుకుంటుంది, ఓపిక పట్టండి అంది. ఓపిక పట్టమన్నందుకు నవ్వొచ్చింది. లేవబోతుంటే అడిగింది.

"ఇది రక్తసంబంధీకుల్లో ఉండే అవకాశం ఉంటుంది. పిల్లలు?"

"ఒక్కతే అమ్మాయి."

"తీసుకురండి, పరీక్ష చేద్దాం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు?"

"అక్క ఉంది. రాజమండ్రిలో."

"ఎలా ఉంటుంది ఆవిడ?"

బాగానే ఉంటుంది అనబోయాను. నోట్లోనే ఆగింది. సరోజక్క. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. మూడేళ్ళ క్రితం షుగరొచ్చింది. డాక్టరు అన్నం తగ్గించమంటే మా అక్క ఏదీ సగం చెయ్యదు, అన్నం మొత్తం మానేసింది. పొద్దున్న గోధుమరవ్వ ఉప్మా, మధ్యాహ్నం చపాతీ, రాత్రి చపాతీ. పోయిన దసరాకి మా మేనమామ కూతురి పెళ్ళిలో చూస్తే సగమైపోయి ఉంది. ఏం చేశావే, ఇంత నాజూగ్గా అయిపోయావు అని అందరూ ఒకటే పొగడ్తలు. నేనూ పొగిడాను. భోజనాల్లో మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళింది, షుగరు కదా, ఒంటేలుకనుకున్నాను. పదకొండేళ్ళు ఈ ఊళ్ళో అదే పనిగా లేచి వెళ్ళినదాన్ని, నాకు తట్టలేదు.

"ఆవిడకీ రక్తపరీక్ష చేయించండి" అంది డాక్టరమ్మ, పరీక్ష పేరు కాగితం మీద రాసిస్తూ. "ఇంకో సంగతి, మీకు చెప్పక్కర్లేదు. పరీక్ష అయ్యేదాకా తిండి మార్చొద్దని చెప్పండి."

బయటికొచ్చాం. ఈయన మందుల వరసలో నిలబడ్డారు. నేను మెట్ల దగ్గర ఎండలో గోడకానుకుని ఫోన్ చేశాను. మూడో మోతకి ఎత్తింది.

"ఏవే రేవతీ, ఈ టైములో? రిపోర్టొచ్చిందా?"

"వచ్చిందక్కా. జబ్బుంది. గోధుమ పడదు నాకు, పేగు పాడైపోయింది."

"అయ్యో! ఎలాగే మరి? అంత ఖాయంగా చెప్పారా?"

"నా సంగతి తర్వాత. అక్కా, నిజం చెప్పు. నీకు రోజుకి ఎన్నిసార్లవుతోంది?"

అవతల కుక్కరు కూత ఆగింది. గిన్నె మూత పెట్టిన చప్పుడు.

"నీకెవరు చెప్పారే?" అంది, గొంతు బాగా తగ్గించి. "మీ బావగారికి కూడా తెలీదు."

"ఎవరూ చెప్పలేదు."

"షుగరు మాత్రల వల్లనుకున్నానే. ఆరు సార్లు... ఒక్కోరోజు ఎక్కువే. గుడికెళ్ళడం మానేశాను. ఎవరికి చెప్పుకుంటాం ఇలాంటివి?" మాట ఆగి, ముక్కు ఎగబీల్చింది. "పొయ్యి మీద పెనం ఉందే. చపాతీలు చేస్తున్నాను మధ్యాహ్నానికి. ఆపేస్తాను. ఇప్పుడే పిండి తీసి బయట పడేస్తాను."

నా ఒళ్ళు నాకే బరువై మెట్టు మీద కూర్చున్నాను. పడేయ్, ఆ పిండంతా పడేయ్, డబ్బాతో సహా పడేయ్, నాలుక చివర ఉంది ఆ మాట. నోటి పూత ఇంకా మానలేదు, పలికితే మంట.

"వద్దక్కా," అన్నాను. "పడేయకు. రేపు పొద్దున్నే వెళ్ళి రక్తం ఇవ్వు, పరీక్ష పేరు పంపిస్తాను. ఆ రిపోర్టు వచ్చేదాకా మానకు."

"తినమంటావా?"

"తిను," అన్నాను. "నేను ఫోన్లోనే ఉంటాను. తిను."